అభ్యంతరాలుంటే ఏ జబాన్‌లో చెప్పాలి?

మా అబ్బా కాతిబ్. ఉర్దూ పత్రికల్లోకి కంప్యూటర్లు రాకముందు పేజీలన్నీ చేత్తో రాసేవాళ్ళు. ఆ రాసేవాళ్ళనే కాతిబ్ అంటారు. ముప్పై ఏళ్ళు రాశాడు. కంప్యూటర్ వచ్చింది, పని పోయింది. చూపు మందగించింది. చేతిరాత మాత్రం చెడలేదు. ఆయన రాసిన కిరాణా చిట్టీ కూడా పారేయబుద్ధి అయ్యేది కాదు. నాకు తెలిసి సర్కారుకి ఆయన రాసిన అర్జీ ఒక్కటే. అది 2006లో.

నగరానికి పాత మాస్టర్ ప్లాన్ పోయి కొత్తది వస్తుందని అనుకుంటున్న రోజులవి. మా గల్లీని వెడల్పు చేస్తారట, రెండు పక్కలా ముందు గదులు పోతాయట అని మొహల్లా అంతా ఒకటే గుసగుస. నేను అప్పటికి తెలుగు పేపర్లో కొత్త రిపోర్టర్ని. ఒక ప్రకటన కత్తిరించి తెచ్చి అబ్బాకి చదివి వినిపించాను. ముసాయిదా పటాలు ఆఫీసులో పెట్టాం, పనివేళల్లో వచ్చి చూసుకోవచ్చు, అభ్యంతరాలూ సూచనలూ ఉంటే గడువులోగా రాసి ఇవ్వాలి. అంతే దాని సారాంశం.

"అంటే మనల్ని అడుగుతున్నారన్నమాట" అన్నాడు అబ్బా.

ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం వెలిగిపోవడం నాకింకా గుర్తుంది. ఆ రాత్రే కలం, సిరా, తెల్ల కాగితం తీశాడు. రెండు పేజీలు నస్తలీక్‌లో రాశాడు. మా గల్లీ ఎన్నడు పడ్డదో, ఎవరెవరున్నారో, ముందు గదుల్లో ఏమేం పనులు నడుస్తాయో, ఆ గదులు పోతే ఎన్ని పొయ్యిలు ఆరిపోతాయో అన్నీ రాశాడు. ఊరికే వద్దనలేదు. ఆటో పోవడానికీ ఫైరింజన్ పోవడానికీ ఎక్కడ ఎంత జరపొచ్చో కూడా రాశాడు. గాజుల చాచా, వరఖ్ కొట్టే అన్నదమ్ములు, మూలమీది కిరాణా సేఠ్, చిన్న గుడి పూజారిగారు, పాల కేంద్రం ఆయన సంతకాలు పెట్టారు. సంతకాలు పద్దెనిమిది, వేలిముద్రలు ఐదు.

ఆఫీసులో గుమాస్తా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. చెడ్డవాడు కాదు. అబ్బాకి కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు. "చాలా బాగా రాసినారు సాబ్. కానీ ఉర్దూ చదివేవాళ్ళు ఇక్కడ లేరు. తెలుగులోనో ఇంగ్లీషులోనో దరఖాస్తు రాసి, నకలు జతచేసి ఇవ్వండి. రసీదు ఇస్తాను" అన్నాడు.

దరఖాస్తు, నకలు, రసీదు. ఆ మూడూ మా అబ్బా భాషలోంచి తెలుగులోకి వచ్చిన మాటలే. దఫ్తరు, తారీఖు, హద్దు, జిల్లా, తహసీలు, నక్షా కూడా అంతే. మా మాటలు లేకుండా ఆ ఆఫీసు ఒక్క పూట నడవదు. మేం మాట్లాడితే మాత్రం వినేవాళ్ళు లేరు.

వరండాలో బల్లమీద కూర్చుని నేనే దాన్ని తెలుగు చేశాను. వాళ్ళిచ్చిన ఫారంలో పేరు, ఇంటి నంబరు, అభ్యంతరం అని గళ్ళున్నాయి. అభ్యంతరానికి మూడు గీతలు. దాలాన్ అంటే ఏమని రాయను? సహన్‌ని పెరడు అంటే సరిపోదు, వాకిలి అన్నా సరిపోదు. రెండు పేజీలు మూడు వాక్యాలైనాయి. అబ్బా పక్కన కూర్చుని నేను రాసింది చూస్తూ ఉన్నాడు. ఆయనకి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చివరికి "అంతా వచ్చిందా బేటా?" అని అడిగాడు. వచ్చిందన్నాను. అబద్ధం.

రసీదు ఇచ్చారు. జవాబు రాలేదు.

ఇది మా ఒక్క గల్లీ గోడైతే ఈ పుస్తకంలో రాయనక్కర్లేదు. నగరం రేపు ఎట్లా ఉండాలో నిర్ణయించేటప్పుడు ఎవరిని అడిగారు, ఏ భాషలో అడిగారు, విన్నారా లేదా అన్నదానికి ఒక చరిత్ర ఉంది. హైదరాబాద్ చరిత్ర అంటే నవాబులు, ముత్యాలు, బిర్యానీ అని రాసే పుస్తకాలు బోలెడున్నాయి. ఈ చరిత్ర వాటిలో కనిపించదు.

*

మొదటి నుంచీ వద్దాం. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరాన్ని కట్టించాడు. దానికి రూపం ఇచ్చినవాడు ఇరాన్ నుంచి వచ్చిన మీర్ మోమిన్ అస్తరాబాదీ. మధ్యలో చార్మినార్, దాని నుంచి నాలుగు దిక్కులకీ నాలుగు బాటలు, కాస్త దూరంలో చార్‌కమాన్, నడుమ గుల్జార్ హౌజ్. అనుకోకుండా పెరిగిన ఊరు కాదిది. నక్షా గీసి కట్టిన నగరం. పాతబస్తీ అంటే అడ్డదిడ్డంగా పెరిగిన ఇరుకు గల్లీలనుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతుంటారు. ప్లాన్ అనేది మాకు కొత్త కాదు. ప్లాన్ వేసేటప్పుడు మమ్మల్ని అడగడమే కొత్త. పాదుషా ఎవరినీ అడగలేదు. ఆ కాలంలో పాదుషాలు అడగరు. అందులో ఆశ్చర్యం లేదు.

తరువాతి పెద్ద మలుపు వరదతో వచ్చింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. సుమారు పదిహేను వేలమంది పోయారని అంచనా. కోల్సావాడిలాంటి ఒడ్డునున్న బస్తీలు కొట్టుకుపోయాయి. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికారని ఇప్పటికీ చెప్పుకుంటాం. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, బిడ్డనీ ఆ ఒక్క రోజునే పోగొట్టుకున్నాడు. మా ఇళ్ళల్లో ఆ వరద కథ అమ్మీల నోట, నానీల నోట విని పెరిగాం.

వరద తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన సూచనల ఫలితమే 1920లో పూర్తైన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తైన హిమాయత్‌సాగర్. 1912లో నగరాన్ని బాగుచేయడానికి ఒక బోర్డు పెట్టారు. ఇంగ్లీషులో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. మా వాళ్ళు ఆరాయిష్-ఎ-బల్దా అనేవాళ్ళు. ఆరాయిష్ అంటే అలంకరణ. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసినట్టు నగరాన్ని ముస్తాబు చేయడం. పత్తర్‌గట్టీ వెడల్పైంది, రెండు పక్కలా రాతి కమాన్ల దుకాణాలు లేచాయి. మురికివాడలు తీసేశారు. పేదలకి వరస ఇళ్ళు కట్టించారు. ఇప్పటికీ నగరంలో కొన్నిచోట్ల సిఐబి క్వార్టర్స్ అనే పేరు బతికే ఉంది. మూసీ ఒడ్డున హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి ఆ కాలానివే.

మనలో చాలామందికి ఇక్కడ గుండె ఉప్పొంగుతుంది. "చూశారా, మా నిజాం ఎంత చేశాడో" అంటాం. చేశాడు, కాదనను. కానీ పత్తర్‌గట్టీలో ఇళ్ళు పోయినవాళ్ళని ఎవరు అడిగారు? మురికివాడ అని పేరు పెట్టి తీసేసిన చోట ఉన్నది ఎవరు? పేద ముస్లిం, దళితుడు, రాళ్ళు కొట్టేవాడు, చర్మం పనివాడు. నవాబుల దేవిడీలు నిలిచాయి. గుడిసెలు లేచిపోయాయి. నిజాం ముస్లిం కాబట్టి ఆయన ప్లాన్ ముస్లిముల ప్లాన్ అనుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. మా అబ్బా తాత ఆ రాజ్యంలో బండివాడు. ఆయన్ని నిజామూ అడగలేదు, నిజాం తరువాత వచ్చినవాళ్ళూ అడగలేదు.

ఐతే ఆ రోజుల్లో జరిగిన ఒక మంచి పని కూడా చెప్పాలి. 1910ల్లో లెనార్డ్ మన్ అనే అధికారి చేతిమీదుగా నగరం సర్వే జరిగింది. ఆ పటాల్లో ప్రతి ఇల్లూ ఉంటుంది. ఇంటి లోపలి సహన్, బావి, మసీదు, గుడి, గల్లీ మెలికలు కూడా ఉంటాయి. అడగకపోయినా కనీసం కళ్ళు తెరిచి చూశారు. ఆ తరువాత వచ్చిన పటాలకి ఆ చూపు కూడా లేదు.

రాజుల కాలంలో ప్రజల్ని అడగడం కుదిరేది కాదని ఎవరైనా అంటే ఒక్క ఉదాహరణ చెబుతాను. పాట్రిక్ గెడ్డెస్ అనే స్కాట్లాండ్ ఆయన 1917 ప్రాంతంలో ఇండోర్ సంస్థానానికి ప్లాన్ వేయడానికి వెళ్ళాడు. ఊరంతా ప్లేగు భయం. ఆయన దీపావళికి పెద్ద ఊరేగింపు పెట్టించాడు. ప్లేగు తెచ్చే ఎలుక బొమ్మని భారీగా చేయించి ఊరేగించాడు. ఏ వీధి శుభ్రంగా ఉంటే ఊరేగింపు ఆ వీధిన పోతుందన్నాడు. జనం పోటీలు పడి వీధులు ఊడ్చుకున్నారు. పాత ఇళ్ళని కొట్టి పారేయకుండా ఎక్కడ అవసరమో అక్కడే చిన్నగా సరిచేయాలనేది ఆయన పద్ధతి. మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ వైపు స్థలం చూసినవాళ్ళలో ఆయన పేరూ చెబుతారు. జనం భాషలో, జనం పండుగలో, జనం వీధిలో వాళ్ళతో మాట్లాడడం నూరేళ్ళ కిందట సంస్థానంలోనే సాధ్యమైంది. ప్రజాస్వామ్యంలో ఎందుకు కాలేదన్నదే నా ప్రశ్న.

*

1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో కలిసింది. దాని వెంట జరిగిన హింస గురించి ఈ పుస్తకంలో వేరేవాళ్ళు రాస్తారు. నేను భాష గురించి చెబుతాను. కచేరీల్లో, కోర్టుల్లో, విశ్వవిద్యాలయంలో ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. 1966 అధికార భాషా చట్టంతో తెలుగు వచ్చింది. తెలుగు రావడం న్యాయమే. నిజాం రాజ్యంలో తెలుగువాడు కచేరీ మెట్లెక్కితే పడ్డ అవమానం మాకు తెలియంది కాదు. మాతృభాషలో దరఖాస్తు ఇవ్వలేకపోవడం ఎంత బాధో తెలంగాణ తెలుగువాళ్ళకి చెప్పాలా? ఆ బాధ తెలిసినవాళ్ళే దాన్ని ఇంకొకరికి వడ్డించారు. అదే నా ఫిర్యాదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒకటయ్యాయి. 1960ల్లో ఐడిపిఎల్, హెచ్‌ఎంటి, బిహెచ్‌ఇఎల్, ఇసిఐఎల్ వచ్చాయి. అన్నీ మూసీకి అవతలే, ఉత్తరానికీ పడమటికీ. వాటి వెంట కాలనీలు, బస్సులు, బడులు, బ్యాంకులు. మూసీకి ఇవతల సంస్థానం నౌకరీలు పోయిన కుటుంబాలు దేవిడీల ముక్కలు అమ్ముకుంటూ బతికాయి. అప్పటిదాకా ఊరంటే ఇదే. బల్దా అంటే ఇదే. పక్కన కొత్త ఊరు పెరిగాక మా ఊరి పేరు పాతబస్తీ అయింది. మేం ఎక్కడికీ కదల్లేదు. మా చిరునామా మారిపోయింది.

ఇక అసలు విషయం. కార్పొరేషన్ ప్రాంతానికి మాస్టర్ ప్లాన్ మంజూరైన తేదీ 1975 సెప్టెంబర్ 27. ఆ తేదీని ఒకసారి చూడండి. దేశంలో ఎమర్జెన్సీ పెట్టి మూడు నెలలు. పత్రికలమీద సెన్సారు. అభ్యంతరం అనే మాటకే జైలు ఉన్న రోజులు. ఆ ఏడాదే పట్టణాభివృద్ధి చట్టమూ వచ్చింది, హుడా కూడా ఏర్పడింది. ఆ చట్టంలో మంచి మాటే రాశారు. ప్లాన్ ముసాయిదా తయారుచేసి ప్రజలు చూడడానికి పెట్టాలి, అభ్యంతరాలూ సూచనలూ పిలవాలి, వాటిని పరిశీలించాకే మంజూరు చేయాలి. మా అబ్బా చేత కలం పట్టించింది అట్లాంటి మాటే.

1975 నాటి ఆ ప్లాన్ 2010 ఆగస్టు దాకా నగర నడిబొడ్డుమీద రాజ్యం చేసింది. ముప్పై ఐదేళ్ళు. ఆ ముప్పై ఐదేళ్ళలో పుట్టి, పెళ్ళై, పిల్లల్ని కన్న తరం ఒకటుంది. వాళ్ళ ఇంటిమీద ఏ రంగు వేసి ఉందో వాళ్ళకి తెలియదు.

అవును, రంగు. మాస్టర్ ప్లాన్ పటం చూడనివాళ్ళకి చెబుతున్నాను. పసుపు అంటే నివాసం. నీలం అంటే వ్యాపారం. ఊదా అంటే పరిశ్రమ. ఎరుపు అంటే ఆసుపత్రులు, బడుల్లాంటివి. ఆకుపచ్చ అంటే పార్కు. ఇల్లు ఒక చోట, దుకాణం ఒక చోట, కార్ఖానా ఒక చోట ఉండాలన్నది దీని వెనకున్న ఆలోచన. పొగ గొట్టాల ఫ్యాక్టరీ పక్కన మనుషులు కాపురముండొద్దని పడమటి దేశాల్లో పుట్టిన ఆలోచన. అక్కడికి అది సబబే.

ఇప్పుడు మా గల్లీకి రండి. గాజుల చాచా ఇంట్లో ముందు గది దుకాణం. దాని వెనక బొగ్గుల కుంపటిమీద లక్క కరిగించి గాజుకి చుట్టి రాళ్ళు పొదుగుతారు. మేడమీద కాపురం. ఎదురింట్లో కార్చోబ్ చట్రం చుట్టూ నలుగురు ఆడవాళ్ళు కూర్చుని జర్దోజీ కుడతారు. రాత్రి ఆ చట్రం గోడకి ఆనించి అక్కడే పరుపులు పరుస్తారు. రెండిళ్ళవతల సుత్తితో వెండి రేకుని కొట్టి కొట్టి వరఖ్ చేస్తారు. ఇది నివాసమా, వ్యాపారమా, పరిశ్రమా? మూడూ. పటానికి అట్లాంటి రంగు లేదు. పసుపు వేస్తే గాజుల కుంపటి అక్రమం. నీలం వేస్తే కాపురం అక్రమం. ఏ రంగు వేసినా మా గల్లీలో ఏదో ఒకటి నేరమవుతుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకి భౌగోళిక గుర్తింపు ఇచ్చారు. గాజుకి గుర్తింపు వచ్చింది. ఆ గాజు తయారయ్యే ఇంటికి నక్షాలో గుర్తింపు రాలేదు.

అడిగి ఉంటే చెప్పేవాళ్ళం. అడగడం అంటే అందుకే. మంచిమాట కోసమో మర్యాద కోసమో కాదు. ప్లాన్ వేసేవాడికి తెలియని సంగతి ఆ గల్లీలో ఉన్నవాడికి తెలుస్తుంది.

*

1981లో పాతబస్తీ కోసమే ప్రత్యేకంగా కులీ కుతుబ్‌షా పేరుతో ఒక పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. పేరు విని సంతోషించాం. రోడ్లు, కమ్యూనిటీ హాళ్ళు, కొన్ని భవనాలు వచ్చాయి. ఐతే ఆ దశాబ్దమంతా మా బస్తీ పత్రికల్లోకి వచ్చింది కర్ఫ్యూ వార్తల్లోనే. 1990 డిసెంబర్ మతకల్లోలాల్లో వందమందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి ఆఫీసుల్లో మా గురించి రెండే మాటలు. ఒకటి సున్నితమైన ప్రాంతం. రెండోది వెనుకబడిన ప్రాంతం. సున్నితమైన చోట సభ పెడితే గొడవలవుతాయని భయం. వెనుకబడినవాళ్ళని అడిగితే ఏం చెప్పగలరని చులకన. రెండు కారణాలూ కలిసి మమ్మల్ని అడగకుండా కాపాడాయి.

1992లో పార్లమెంటు 74వ రాజ్యాంగ సవరణ చేసింది. 1993 జూన్ నుంచి అమలు. వార్డు కమిటీలు ఉండాలి. మహానగరానికి ప్రణాళికా కమిటీ ఉండాలి. అందులో కనీసం మూడింట రెండొంతులమందిని ఎన్నికైన ప్రతినిధులు తమలోంచి ఎన్నుకోవాలి. నగరం ప్లాన్ నగరవాసుల చేతికి రావాలన్నది దాని ఉద్దేశం. అందులో రాసినంత బలంగా ఆ కమిటీలు మన నగరంలో ఏనాడూ నిలబడలేదు. ఆ పనిని కన్సల్టెంట్లు చేశారు. 1999లో విజన్ 2020 పత్రం వచ్చింది. దాని వెనక ఉన్నది మెకిన్సీ అనే విదేశీ కంపెనీ. రాష్ట్రం ఇరవై ఏళ్ళ తరువాత ఎట్లా ఉండాలో మొదట ఇంగ్లీషులో ఊహించుకున్నారు. ఉర్దూవాళ్ళే కాదు, తెలుగువాళ్ళూ ఆ రోజు పరాయివాళ్ళే అయ్యారు. సెక్యులర్ మిత్రులు ఇది గమనించాలి. భాష గోడ మొదట మా గల్లీ చుట్టూ కట్టారు. తరువాత మీ వీధిదాకా వచ్చింది.

ఇక వారసత్వం సంగతి. పాత భవనాల్ని కాపాడడానికి 1995లో హుడా నిబంధనల్లో 13వ నిబంధన వచ్చింది. దేవిడీలు, బారాదరీలు, మసీదులు, గుళ్ళు జాబితాకెక్కాయి. 2015 డిసెంబర్‌లో ఆ నిబంధనని తీసేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం తెచ్చారు. పెట్టినప్పుడూ తీసినప్పుడూ మేధావుల మధ్య మంచి చర్చ జరిగింది. ఇంగ్లీషు పత్రికల్లో వ్యాసాలొచ్చాయి. ఆ మిత్రుల శ్రమని నేను తక్కువ చేయను, వాళ్ళు లేకపోతే మిగిలిన నాలుగు కమాన్లూ మిగిలేవి కావు. కానీ ఒక్క మాట. వాళ్ళ ఫొటోల్లో చార్మినార్ చుట్టూ మనుషులుండరు. తెల్లవారుజామున, జనం లేనప్పుడు తీసిన ఫొటోలు. కమాను వారసత్వం, దాని కింద చెప్పులు అమ్మేవాడు ఆక్రమణ. ఆ చెప్పులవాడి తాత కూడా అక్కడే అమ్మాడు. ఎవరు వారసుడు?

మా వీధులు వాహనాల కోసమే అని పటం అనుకుంటుంది. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగుమీద బయలుదేరి చాదర్‌ఘాట్ దాకా పోతుంది. ఆ దారిలో ఏ మూల మలుపు దగ్గర ఎవరు షర్బత్ ఇస్తారో, ఏ మేడమీద నుంచి ఆడవాళ్ళు చూస్తారో తరతరాలుగా తెలుసు. గణేశ్ నిమజ్జనానికీ, బోనాలకీ అట్లాంటి దారులే ఉన్నాయి. వీధిని నలభై అడుగులు, అరవై అడుగులు అని కొలిచేవాడికి ఇది ఎవరు చెప్పాలి?

*

2010 ఆగస్టులో నడిబొడ్డు ప్రాంతానికి సవరించిన ప్లాన్ వచ్చింది. 2013 జనవరిలో హెచ్‌ఎండిఎ 2031 నాటికి మహానగర ప్లాన్ ప్రకటించింది. అభ్యంతరాలు పిలిచారు. చట్టం ప్రకారం లోటు లేదు. 2011 జనగణన లెక్కలో హైదరాబాద్ జిల్లా జనాభా 39 లక్షల పైచిలుకు. అందులో 43 శాతం మంది మాతృభాష ఉర్దూ. ఖమ్మం తప్ప తెలంగాణ జిల్లాలన్నిటా ఉర్దూ అప్పటికే రెండో అధికార భాష. 2017లో రాష్ట్రమంతటికీ చేశారు. బోర్డులమీద ఉర్దూ అక్షరాలు వచ్చాయి. బోర్డు అంటే ప్రభుత్వం మాట్లాడడం. అర్జీ అంటే ప్రజలు మాట్లాడడం. ప్రభుత్వం ఉర్దూలో మాట్లాడడం నేర్చుకుంది, వినడం నేర్చుకోవాలి.

2017 నవంబర్‌లో మెట్రో మొదలైంది. 2020 ఫిబ్రవరికి జూబ్లీ బస్టాండ్ నుంచి ఇమ్లీబన్ దాకా వచ్చి ఆగింది. అక్కడి నుంచి ఫలక్‌నుమా దాకా పోవలసిన అయిదున్నర కిలోమీటర్లు కాగితంమీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా పొడిగించారు. మాకు మెట్రో కావాలి. నర్సింగ్ చదివే మా చెల్లెలి బిడ్డకి రెండు బస్సులు మారే బాధ తప్పాలి. అదే దారిలో దుకాణం పోయే చాచా కన్నీళ్ళు కూడా మావే. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉన్న మాటలు. కానీ బయట మాత్రం మెట్రో కావాలన్నవాడు అభివృద్ధికారుడు, నష్టపరిహారం ఎంత అని అడిగినవాడు అభివృద్ధి విరోధి. ముస్లిం అడిగితే ఇంకో పేరు కూడా తగిలిస్తారు.

2024 సెప్టెంబర్ ఆఖరులో మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ళమీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు అక్షరాలు రాశారు. ఆర్‌బి, దాని పక్కన ఎక్స్. నదీగర్భం అని అర్థమట. ఆ ఇళ్ళలో ఉన్నవాళ్ళలో చాలామందికి ఆ అక్షరాలు చదవడం రాదు. రంగు చూసి అర్థం చేసుకున్నారు. కొందరు డబుల్ బెడ్‌రూం ఇళ్ళకి వెళ్ళారు. కొందరు వాకిట్లో కూర్చుని ఏడ్చారు. నది దారికి అడ్డంగా ఉండకూడదనడం తప్పు కాదు. 1908ని మేం మరవలేదు. 2020 అక్టోబర్ వానలకి హాఫిజ్‌బాబానగర్, అల్ జుబైల్ కాలనీ మునిగినప్పుడు పడవలో తిరిగి వార్తలు రాసినవాణ్ణి నేను. నీళ్ళంటే ఏమిటో తెలుసు. నా అభ్యంతరం ఒక్కటే. ముందు మాట్లాడి తరువాత రంగు వేయాలి. ముందు రంగు వేసి తరువాత మాట్లాడితే దాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అనరు.

*

ఇంతవరకూ ఇతరుల్ని అన్నాను. ఇక మన సంగతి.

ఆఫీసు నోటీసు వేసిన ముప్పై రోజులూ మనం ఎక్కడున్నాం? బుల్డోజర్ వచ్చిన రోజున లీడర్ ఇంటికి పరిగెత్తుతాం. లీడర్ వస్తాడు, అధికారిని గద్దిస్తాడు, ఆ రోజుకి ఆగుతుంది. ఆపింది లీడర్, ఆపించుకున్నది మనం. హక్కు దయగా మారిపోయింది. మసీదు గోడ పోతుందంటే గంటలో వందమంది చేరతాం. పక్కనున్న ప్రసూతి ఆసుపత్రి స్థలం పోతుందంటే ఒక్కడూ రాడు. ముసాయిదా గురించి మొహల్లాలో మీటింగ్ పెడితే మగవాళ్ళే కూర్చుంటాం. రోజంతా ఆ ఇంట్లో, ఆ గల్లీలో ఉండేది ఎవరు? నీళ్ళ ట్యాంకర్ ఎన్ని గంటలకి వస్తుందో, ఏ మలుపులో దీపం లేదో, ఆడపిల్ల బడికి ఏ దారిన పోవడానికి భయపడుతుందో తెలిసింది ఎవరికి? అమ్మీకి, ఆపాకి. వాళ్ళ సంతకం లేకుండా మనం రాసిన అర్జీ సగం అర్జీయే. మా అబ్బా అర్జీలో ఉన్న ఐదు వేలిముద్రల్లో నాలుగు ఆడవాళ్ళవి. వాళ్ళని అడగాలని ఆయనకి అప్పుడే తోచింది. నాకు తోచలేదు.

మనం కోరేది పెద్ద పెద్ద విషయాలేం కావు. నక్షా ఆఫీసు గోడమీద కాకుండా మొహల్లా బడిలో, ఫంక్షన్ హాల్లో పెట్టాలి. శుక్రవారం నమాజు వేళ, పగటి పని వేళ కాకుండా సాయంత్రం పెట్టాలి. తెలుగులో, ఉర్దూలో చదివి చెప్పే మనిషి అక్కడ ఉండాలి. నోటితో చెప్పింది రాసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి అభ్యంతరానికీ జవాబు రావాలి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో చెప్పాలి. వద్దన్న జవాబు కూడా మనిషికి మర్యాదే. మౌనం మర్యాద కాదు.

ఇప్పుడు 2050 నాటి నగరానికి ప్లాన్ అంటున్నారు. 2050 నాటికి నా కూతురికి నలభై ఏళ్ళు దాటుతాయి. దానికి ఉర్దూ మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు, తెలుగు చదువుతుంది. ఆఫీసువాళ్ళకి ఇక ఇబ్బంది ఉండదు. ఏ ఫారమైనా నింపగలదు. కానీ దాలాన్ అంటే ఏమిటో, మా గల్లీలో ముందు గది ఎందుకు ముఖ్యమో దానికి తెలియకపోతే ఆ గళ్ళలో ఏం రాస్తుంది?

అబ్బా 2014లో పోయాడు. మా గల్లీ ఇంకా వెడల్పు కాలేదు. వద్దని ఎవరూ చెప్పలేదు, చేస్తామనీ చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా ముందు గదికి కొత్త కప్పు వేయడానికి జంకుతూనే ఉన్నాం. ఆయన పెట్టెలో ఆ ఉర్దూ అర్జీ అసలు ప్రతి దొరికింది. ఆఫీసులో తీసుకోలేదు కదా, మడత పెట్టి దాచుకున్నాడు. ఆ రోజు నేను మూడు వాక్యాలకి కుదించిన ఆ రెండు పేజీల్నీ మొన్న కూర్చుని ఒక్క మాట వదలకుండా తెలుగు చేశాను. ఈసారి నోటీసు పడ్డప్పుడు రెండు భాషల్లోనూ ఇస్తాను. ఫారంలో పట్టకపోతే వెనకాల జతచేస్తాను. సంతకాల కోసం గల్లీలో తిరుగుతున్నాను. ఇప్పటికి ముప్పై ఒకటి అయ్యాయి.